నిప్పు లేని మంట, మంచు లేని చలి

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరపకాయల తొడిమలు తీసిన కూలీకి రాత్రి పడుకోబోయే వేళకు అరచేతుల్లో నిప్పులు పోసినట్టుంటుంది. చన్నీళ్లలో ముంచితే హాయి ఆ కాసేపే. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగినా, పొయ్యి దగ్గర కూర్చోగానే మళ్లీ మొదలు. చివరికి కొబ్బరినూనె రాసుకునో, పెరుగు పట్టించుకునో కన్ను మూస్తారు. ఆ చేతి మీద థర్మామీటరు పెట్టి చూస్తే మాత్రం అది ఎప్పుడూ చూపే అంకెకు కాస్త అటూఇటూగానే చూపిస్తుంది. చర్మం కాలలేదు. కాలిందని మెదడుకు కబురు వెళ్లింది, అంతే.

ఈ దొంగ కబురు మీద ఇప్పుడు రెండు రంగాలు కన్నేశాయి. ఒకటి వినోదం. కళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తగిలించుకుని ఎడారిలోనో మంచుకొండ మీదో తిరుగుతున్న మనిషికి ఆ వేడినీ చలినీ ఒంటికి తెలిసేలా చేయాలన్న తపన వాళ్లది. రెండోది సుఖసాధనాల పరిశ్రమ. గది మొత్తాన్ని చల్లబరిచే బదులు మెడ దగ్గరో మణికట్టు దగ్గరో ఓ చిన్న పరికరం పెట్టి మనిషికి మాత్రమే చల్లగా అనిపించేలా చేస్తామంటారు వీళ్లు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి వాళ్లకు ఈ కథ రెండు కొసలూ తెలుసు. వేడి లేకుండానే మంట పుట్టించే మిరపకాయ పండేది ఇక్కడే. ఏ మాయకూ లొంగని మే నెల ఎండ కాసేదీ ఇక్కడే.

షడ్రుచుల్లో కారానికి మనం పీట వేశాం కానీ, శరీరశాస్త్రం దాన్ని రుచుల పంక్తిలో కూర్చోనివ్వదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక మీది రుచిమొగ్గలు పట్టుకునేవి. కారం అలా కాదు. దాన్ని కన్ను పట్టుకుంటుంది, ముక్కు పట్టుకుంటుంది, అరచేయీ పట్టుకుంటుంది. మిరపలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం నొప్పినీ వేడినీ మోసే నాడుల కొనలకు అతుక్కోవడమే ఇందుకు కారణం. ఆ కొనల్లో సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుందో 1997 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని పట్టుకుంది. నొప్పిని గ్రహించే నాడుల్లో పనిచేసే జన్యువుల్ని గుత్తులు గుత్తులుగా విడదీసి, కారానికి ఏమాత్రం చలించని మామూలు కణాల్లోకి ఎక్కించి, ఒక్కో గుత్తికీ కాప్సైసిన్ తగిలించి చూశారు. అన్నిటిలోకీ ఒక జన్యువు ఎక్కిన కణాలే ఉలిక్కిపడ్డాయి. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనుకే తర్వాత టీఆర్‌పీవీ1 అనే పేరు స్థిరపడింది.

అసలు విశేషం ఆ తర్వాతిది. అవే కణాలను కాప్సైసిన్ లేకుండా ఊరికే వేడిచేశారు. ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు చేరేసరికి అచ్చం కారం తగిలినప్పటిలాగే స్పందించాయి. అంటే ఒకే తలుపుకు రెండు తాళంచెవులు: ఒకటి నిజమైన వేడి, రెండోది మిరపకాయ. తలుపు ఏ చెవితో తెరుచుకుందో లోపలున్న మెదడుకు తెలియదు. అందుకే అది రెండింటికీ ఒకే తీర్పు చెబుతుంది, ‘కాలుతోంది’ అని. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని జూలియస్, స్పర్శను గ్రహించే ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిసి పంచుకున్నది ఈ వరస పరిశోధనలకే.

చలికీ ఇలాంటి తలుపే ఉంది. పుదీనా జాతి మొక్కల నుంచి వచ్చే మెంథాల్ దానికి దొంగచెవి. 2002లో జూలియస్, పటాపూటియన్ విడివిడిగా దీన్ని కనిపెట్టారు. చర్మం 26 డిగ్రీల కంటే చల్లబడినప్పుడు తెరుచుకునే ఆ ప్రోటీనును మెంథాల్ 35 డిగ్రీల దగ్గర కూడా తెరిచేస్తుంది. తెలుగువాళ్లకు ఇది పాత చుట్టమే. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మెంథాల్, కర్పూరం కలిసిన ఆ పసుపు లేపనం నుదుటి మీద చేసేది సరిగ్గా ఇదే పని. అక్కడ ఉష్ణోగ్రత మారదు, చలీ వేడీ కలగలిసిన అనుభూతి మాత్రం పుడుతుంది. సంగీత కచేరీలకు వచ్చిన శ్రోతలకు పంతులుగారు ఆ డబ్బాలు ఉచితంగా పంచేవారని చెబుతారు. వినోదంతో పాటు చర్మానికీ ఓ అనుభూతిని జతచేయడంలో ఆయన సిలికాన్ వ్యాలీకి వందేళ్ల పైచిలుకు ముందున్నారన్నమాట.

పక్షులకు ఈ కారం గొడవే లేదు. వాటి ఒంట్లోనూ వేడిని పసిగట్టే అదే ప్రోటీను ఉంది కానీ, కాప్సైసిన్ అతుక్కునే చోట అమరిక వేరు. కోడి ప్రోటీను మీద 2002లో జరిగిన ప్రయోగం దీన్ని తేల్చింది. మిరపతోటలో వాలిన రామచిలుక పండుకాయను చక్కగా వలుచుకుని తినడం వెనక సాహసమేమీ లేదు. దానికది కారమే కాదు.

ఇక వినోదం సంగతి. చూసేవాణ్ణి కథలోకి లాగేయాలన్న కోరిక కొత్తదేం కాదు. కడపజిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం రంగస్థలం మీదే వాన కురిపించి, మంటలు లేపి, మనుషుల్ని గాలిలో ఎగిరించి చూపింది. అమెరికాలో మోర్టన్ హైలిగ్ అనే సినిమా మనిషి ‘సెన్సొరామా’ అనే యంత్రానికి 1962లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్క మనిషి కూర్చుని తల లోపల పెట్టి చూసే పెట్టె అది. తెర మీద మోటారుసైకిలు బ్రూక్లిన్ వీధుల్లో పోతుంటే కుర్చీ అదిరేది, మొహానికి గాలి కొట్టేది, దారిలో వచ్చే వాసనలు ముక్కుకు తగిలేవి. పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్క ఆ యంత్రం మూలన పడింది. దక్షిణ కొరియాలో 2009లో మొదలైన 4డీఎక్స్ థియేటర్లు ఆ ఆలోచననే హాలు మొత్తానికి పరిచాయి.

మన వైపు జనం మనసు మాత్రం ఎప్పుడూ తెర మీదే, మోత మీదే. 2019 ఆగస్టులో ‘సాహో’తో మొదలైన సూళ్లూరుపేట వి ఎపిక్ థియేటరే ఇందుకు ఉదాహరణ. మహానగరంలో కాదు, హైవే పక్కన, శ్రీహరికోట దారిలో ఉన్న ఓ చిన్న ఊళ్లో 100 అడుగులకు మించిన వెడల్పున్న తెర లేచింది. తల అటూఇటూ తిప్పితే తప్ప తెర మొత్తం కంటికి ఆనదు. నలువైపుల నుంచీ, నెత్తి మీది నుంచీ కూడా వచ్చే డాల్బీ అట్మాస్ శబ్దం సంగతి సరేసరి. కంటికీ చెవికీ ఇంతకు మించి చేయగలిగింది ఇక పెద్దగా మిగల్లేదు. మిగిలింది చర్మమే.

చర్మంలోనూ స్పర్శ కొంత నయం. సెల్‌ఫోనులో అదిరే బుల్లి మోటారు లాంటిదే చేతొడుగులో పెడితే తుపాకీ పేలిన అదురు తెలుస్తుంది. ఉష్ణోగ్రత దగ్గరే ఇంజినీర్లకు చుక్కలు కనిపిస్తాయి. వేడి పుట్టించాలంటే హీటరు కావాలి, చలి పుట్టించాలంటే వేడిని లాగి ఇంకోచోట పారబోయాలి. ఆ రెండింటికీ బ్యాటరీ కావాలి, బరువు పెరుగుతుంది, హెడ్‌సెట్ పెట్టుకున్న మెడ పట్టేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో పెడ్రో లోపెస్ నడిపే ప్రయోగశాల ఇక్కడే అడ్డదారి తొక్కింది. నిజంగా వేడిచేయడం ఎందుకు, వేడెక్కిందని నాడికి చెబితే చాలదా?

ఆ ప్రయోగశాలలో జాస్ బ్రూక్స్ తదితరులు 2020లో ఒక పరికరం చూపించారు. వీఆర్ హెడ్‌సెట్‌కు తగిలించుకునే ఆ బుల్లి యంత్రం ముక్కు కింద సన్నని తుంపరను వదులుతుంది. ముక్కులో వాసన నాడి ఒక్కటే కాదు, ట్రైజెమినల్ అనే మరో నాడి కొనలూ ఉంటాయి. మిరపకాయలు వేయిస్తుంటే వంటింట్లో ముక్కు మండేది దీని వల్లే. ఘాటుకు, చల్లదనానికి స్పందించేది ఆ నాడే. మిరప ఘాటు లాంటి తుంపర పీల్చిన వాళ్లు తామున్న వర్చువల్ లోకం వెచ్చగా ఉందన్నారు. నీలగిరి తైలంలోని యూకలిప్టాల్ లాంటివి పీల్చినవాళ్లు చల్లగా ఉందన్నారు. గదిలో ఉష్ణోగ్రత మారిందేమీ లేదు. పరికరం వాడుకున్న విద్యుత్తూ అతి స్వల్పం.

మరుసటి ఏడాది అదే ప్రయోగశాల ముక్కు నుంచి చర్మానికి వచ్చింది. జాస్మిన్ లూ, ఆమె సహచరులు మెత్తని సిలికోన్ పట్టీ ఒకటి చేశారు. అందులో సన్నని కాలువలు, వాటిలోకి ద్రవాన్ని తోసే బుల్లి పంపులు. ద్రవాలు అయిదు. వెచ్చదనానికి మిరపలోని కాప్సైసిన్, చలికి మెంథాల్, చురుకుకు దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్, జివ్వుమనడానికి సిచువాన్ మిరియంలోని శాన్షూల్, మొద్దుబారడానికి పళ్లడాక్టరు చిగురుకిచ్చే లిడోకైన్. పట్టీని చేతికో చెంపకో కాలికో అంటించుకోవచ్చు. మోటార్లు, హీటర్లు విడివిడిగా మోయక్కర్లేకుండా ఒకే పట్టీ అయిదు రకాల అనుభూతుల్నిస్తుంది. జాబితాను మరోసారి చూస్తే అయిదింట్లో నాలుగు వంటింటివో పెరటివో. వర్చువల్ లోకపు అత్యాధునిక పరికరం లోపల ఉన్నది దాదాపు పోపులపెట్టే.

తమాషా అక్కడితో ఆపి లోపాల దగ్గరికి రావాలి. తెర మీద పేలుడు క్షణంలో జరిగిపోతుంది. కాప్సైసిన్ చర్మంలోకి ఇంకి నాడిని చేరడానికి సమయం పడుతుంది, వచ్చిన మంట తెర మారగానే పోదు. హీరో అగ్నిపర్వతం దాటి మంచులోకి వెళ్లిపోయినా ప్రేక్షకుడి చేయి ఇంకా మండుతూనే ఉంటే కథ చెడినట్టే. ఇంకో చిక్కు, అలవాటు. కాప్సైసిన్ పదేపదే తగిలితే ఆ నాడి కొనలు మందగిస్తాయి. నరాల నొప్పులకు 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో అనుమతించింది ఈ గుణం కోసమే. నొప్పి మందుకు అది వరం, ఆటల పరిశ్రమకు తలనొప్పి. పైగా మనిషికీ మనిషికీ తేడా. ఆవకాయ ముద్ద కలిపి పెరిగినవాడికీ, పెప్పర్ చల్లిన ఆమ్లెట్‌కే కళ్లనీళ్లు పెట్టుకునేవాడికీ ఒకే మోతాదు ఎలా పనిచేస్తుంది?

మోతాదు దాటితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు సందర్భంగా లోక్‌సభలో చల్లిన పెప్పర్ స్ప్రేకు సభ మొత్తం దగ్గుతూ బయటికి పరుగెత్తింది. ఆ స్ప్రేల్లో ఉండేదీ మిరప సారమే.

కాబట్టి కారాన్ని కొలవాలి. అమెరికన్ ఫార్మసిస్టు విల్బర్ స్కోవిల్ 1912లో మందుల కంపెనీలో పనిచేస్తూ ఇందుకో పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్ల నాలుకకు మంట తెలియకుండా పోయేదాకా ఎన్నిరెట్లు పలచన చేయాల్సి వచ్చిందో లెక్కకట్టడం. ఇప్పుడు నాలుకల బదులు క్రొమటోగ్రఫీ యంత్రాలు ఆ పని చేస్తున్నాయి కానీ లెక్క ఆయన పేరు మీదే ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు తూగుతుంది. తేజ రకం 75 వేల నుంచి లక్ష దాకా పోతుంది. శుద్ధమైన కాప్సైసిన్ 1.6 కోట్లు. గుంటూరు శివారు లాం ఫారంలోని పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా ఎల్‌సీఏ అక్షరాలతో విడుదల చేస్తున్న మిరప రకాల్లో రంగు, దిగుబడి, తెగుళ్లను తట్టుకునే గుణంతో పాటు ఈ ఘాటు కూడా ఒక కొలమానం. కానీ చేలో పండిన కాయ ఫ్యాక్టరీలో పోతపోసిన వస్తువు కాదు. నేలను బట్టి, నీటి ఎద్దడిని బట్టి, మొదటి కోతా మూడో కోతా అన్నదాన్ని బట్టి ఘాటు మారిపోతుంది. అందుకే పరిశ్రమలు కాయను కొన్నా వాడేది కాయను కాదు. దాన్నుంచి ఓలియోరెజిన్ అనే చిక్కటి సారం తీసి, అందులో రంగునూ ఘాటునూ వేరుచేసి, కొలిచిన మోతాదుకు తెచ్చి అమ్ముతారు. సాసుల్లోకీ నొప్పి లేపనాల్లోకీ వెళ్లేది ఆ సారమే. రేపు వీఆర్ పట్టీల్లోకి వెళ్లాలన్నా అదే దారి. ఒక్కో పట్టీకి కావాల్సింది లేశమాత్రం కనుక మిర్చి యార్డులో ధరలు దాని వల్ల పెరుగుతాయని ఆశపడే పనిలేదు.

అదలా ఉంచి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్దాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్ ఉధృతంగా ఉన్న రోజుల్లో ఇక్కడికి లక్షకు పైగా టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతాయి. నలభై కిలోల పైచిలుకు ఉండే ఒక్కో టిక్కీని ముఠా కూలీలు వీపు మీద మోస్తారు. ధరల పట్టికలో తేజ, సన్నం, బ్యాడిగి అన్న పేర్ల పక్కనే ‘ఏసీ’, ‘నాన్ ఏసీ’ అని ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకు ఏసీ, కల్లం నుంచి నేరుగా వచ్చింది నాన్ ఏసీ. గుంటూరు చుట్టూ ఉన్న డజన్ల కొద్దీ శీతల గిడ్డంగుల్లో పది డిగ్రీల లోపు చలిలో మిరపకాయ నెలల తరబడి నిద్రపోతుంది. వేడీ వెలుతురూ ప్రాణవాయువూ తగిలితే కాయకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్ వెలిసిపోతుంది, రంగు పోతే ధర పోతుంది. అందుకే ఈ జాగ్రత్త. మోసే మనిషి రంగు వెలిస్తే ధర పోయేదేమీ లేదు కాబట్టి అతను నాన్ ఏసీ.

అతనికి పనికొచ్చే చల్లదనం ఏది? సుఖసాధనాల పరిశ్రమ ఇప్పుడు అంటున్నది ‘గదిని కాదు, మనిషిని చల్లబరుద్దాం’ అని. మాట సబబైనదే. ఇంట్లో ఏసీ వేస్తే గోడలూ బీరువా మంచమూ కూడా చల్లబడాలి, దాని కరెంటు బిల్లు మనమే కట్టాలి. ఆరుబయట ఆ మాటే లేదు. మాసచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు 2013లో మణికట్టుకు కట్టుకునే ‘రిస్టిఫై’ అనే పట్టీ తయారుచేశారు. అది ఏకబిగిన చల్లబరచదు, కాస్త చల్లబరిచి ఆపి మళ్లీ చల్లబరుస్తుంది. చర్మం ఉష్ణోగ్రత కంటే ఉష్ణోగ్రతలో మార్పును ఎక్కువగా పట్టించుకుంటుంది. ఆ గుణాన్ని వాడుకోవడమే వాళ్ల ఎత్తు. సోనీ 2020లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ‘రియాన్ పాకెట్’ చొక్కా లోపల మెడ వెనక ఉంటుంది. హైదరాబాద్ జార్ష్ సేఫ్టీ కంపెనీ ఎండలో పనిచేసేవాళ్ల కోసం ఏసీ హెల్మెట్ చేసింది.

వీటిలో చాలావాటి గుండెకాయ ఒక్కటే. 1834లో జాన్ పెల్టియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గమనించిన ధర్మం అది. రెండు వేర్వేరు వాహకాలు కలిసేచోట కరెంటు పోనిస్తే ఒక పక్క చల్లబడి రెండో పక్క వేడెక్కుతుంది. ఇప్పుడు బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకంతో చేసిన గోరంత బిళ్లలు ఆ పని చేస్తున్నాయి. కంప్రెసరు లేదు, గ్యాసు లేదు, చప్పుడు లేదు. లోపం, ఖర్చు. అంతే చల్లదనానికి మామూలు ఏసీ కంటే చాలా ఎక్కువ కరెంటు తింటుంది. లాగిన వేడికి తాను తిన్న కరెంటు వేడి కూడా కలిపి రెండో పక్క నుంచి బయటికి కొట్టాలి. బయట 44 డిగ్రీలున్నప్పుడు ఆ కొట్టడమే గగనమవుతుంది.

అసలు ప్రమాదం మరొకటుంది. సినిమాలోనో ఆటలోనో నాడిని నమ్మిస్తే చాలు, మనిషి సంతోషిస్తాడు. ఎండలో నాడిని నమ్మిస్తే మనిషి మోసపోతాడు. మెంథాల్ రాసుకుని వ్యాయామం చేసినవాళ్ల మీద పరిశోధనలు చెప్పేదిదే. హాయిగా ఉందంటారు, ఇంకాసేపు చేయగలమంటారు, ఒంటి లోపలి ఉష్ణోగ్రత మాత్రం దిగదు. చలి అనుకున్న శరీరం చర్మపు రక్తనాళాలను ముడుచుకుని, చెమటను ఆలస్యం చేసి, వేడిని లోపలే దాచుకునే అవకాశమూ ఉంది. ‘ఇక చాలు, నీడకు పో’ అని చెప్పే గంటను మెంథాల్ మూగబరుస్తుంది. మెంథాల్ కలిసిన చెమటకాయల పౌడరు ఇంట్లో హాయి. మిట్టమధ్యాహ్నం పత్తిచేలో ఆ హాయిని నమ్ముకోకూడదు.

మిరపకాయ చిత్రంగా దీనికి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. గోంగూర పచ్చడిలో పచ్చిమిరపకాయ నంజుకున్నవాడికి నెత్తి మీదా ముక్కు మీదా చెమట పడుతుంది. వేడెక్కానని పొరబడిన శరీరం నిజమైన చెమటే పోస్తుంది, ఆ చెమట ఆరితే నిజంగానే చల్లబరుస్తుంది. దొంగ కబురుకు అసలైన జవాబన్నమాట. ఇది కూలీని కాపాడేంత పెద్ద చల్లదనం కాకపోవచ్చు, కానీ పుదీనా కంటే మిరపే నిజాయితీగలది.

శరీరానికి ఉన్న అసలైన ఏసీ చెమటే. బరువు మోసే మనిషి ఒళ్లు మూడు నాలుగు వందల వాట్ల వేడి పుట్టిస్తుంది. బయటి గాలి చర్మం కంటే, అంటే 35 డిగ్రీల కంటే వేడిగా ఉంటే ఆ వేడి గాలిలోకి పోదు, గాలి వేడే ఒంట్లోకి వస్తుంది. మిగిలిన దారి ఒక్కటే. లీటరు చెమట ఆవిరవుతూ దాదాపు 24 లక్షల జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. నాలుగొందల వాట్లను వదిలించుకోవాలంటే గంటకు అర లీటరుకు పైగా చెమట ఆరాలి. కారడం కాదు, ఆరాలి.

ఆరుతుందా లేదా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఎండల వార్తల్లో ఏటా వినిపించే పల్నాటి రెంటచింతలలో 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుందాం. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అక్కడ సుమారు 25 దగ్గర ఆగుతుంది. చెమట ఆరుతుంది, గడ్డి పలకల కూలరు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున చీరాల వైపు 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే అదే తడి థర్మామీటరు 31 చూపిస్తుంది. టీవీలో చెప్పే అంకె చూస్తే చీరాల చల్లన. చెమట లెక్క చూస్తే రెంటచింతలే నయం. కూలరు కంపెనీల ప్రకటనల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు. 2015 మే వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 2000 మంది చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ముందు వరసలో ఉంది.

పత్తి పండే చోట బట్ట గురించి చెప్పకపోతే ఎలా? నూలు చొక్కా చెమటను పీల్చుకుంటుంది, తన బరువులో 8 శాతానికి పైగా తేమను మామూలుగానే పట్టుకుని ఉంటుంది. పాలియెస్టరు అర శాతమైనా పట్టదు. అయితే నూలుకో బలహీనత ఉంది. ఒళ్లు కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వదిలే వేడిని అది అడ్డుకుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో యి కుయి బృందం 2016లో సూక్ష్మరంధ్రాల పాలిథీన్ బట్ట ఒకటి చేసింది. క్యారీబ్యాగు ప్లాస్టిక్కే, కానీ కంటికి తెల్లగా కనిపిస్తూనే పరారుణ కిరణాలను దాటనిస్తుంది. ప్రయోగశాలలో చర్మంలాంటి పరికరం మీద కప్పితే నూలు బట్ట కింద కంటే 2.7 డిగ్రీలు తక్కువ చూపింది. ఇది నీడపట్టున పనిచేసే ఎత్తు. చైనాలో 2021లో తయారైన మరో బట్ట ఎండనూ తిప్పికొడుతూ, మామూలు నూలు బట్ట కంటే సుమారు 4.8 డిగ్రీలు చల్లగా ఉంచిందని దాన్ని చేసినవాళ్లు ప్రకటించారు. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులకు ఇవి పోటీ అవుతాయో, నూలుతో కలిసి నడుస్తాయో ఇప్పుడే చెప్పడం తొందరపాటు.

ఇప్పటికిప్పుడు పనికొచ్చేవి ఇంతకంటే మోటువి. జపాన్‌లో కట్టడాల కూలీలు వేసుకునే ఫ్యాను జాకెట్టు ఒకటి. మాజీ సోనీ ఇంజినీరు ఇచిగయ హిరోషి 2004లో మార్కెట్లోకి తెచ్చిన ఈ జాకెట్టుకు నడుము దగ్గర రెండు బుల్లి ఫ్యాన్లుంటాయి. బయటి గాలిని లోపలికి లాగి చెమట మీదుగా తోసి మెడ దగ్గర వదిలేస్తాయి. చల్లబరిచేది చెమటే, ఫ్యాను దానికి సాయం మాత్రమే. కాబట్టి మోసం లేదు, కరెంటూ తక్కువే. పత్తి తీసేవాళ్లకు ఇది బాగానే ఉండొచ్చు. మిర్చి యార్డులోనో కల్లంలోనో వేసుకుంటే మాత్రం గాలితో పాటు మిరప ధూళినీ లాగి తడి ఒంటి మీద పులిమేస్తుంది. ఆ ఆలోచనకే ఒళ్లు మండుతుంది.

అక్కడికి సరిపోయేది గాలి అక్కర్లేని చొక్కా. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టి, ఎండ తగలగానే కరిగే ధర్మం మీదే అది నడుస్తుంది. ఆక్టాడెకేన్ అనే మైనం 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కిలో కరగడానికి దాదాపు 2.4 లక్షల జౌళ్ల వేడిని మింగుతుంది. ఆ మైనాన్ని ప్యాకెట్లలో పోసి చేతుల్లేని కోటు జేబుల్లో ఛాతీకి, వీపుకు ఆనేలా పెడతారు. ఐసు అంతకంటే ఎక్కువ వేడినే మింగుతుంది కానీ, సున్నా డిగ్రీల చలికి చర్మపు రక్తనాళాలు ముడుచుకుపోతాయి. 28 డిగ్రీలకు ఆ బాధ లేదు. రెండు కిలోల మైనం ఒంటి నుంచి వంద వాట్ల చొప్పున లాగితే 80 నిమిషాలు వస్తుంది. బయటి ఎండ కూడా దాన్ని కరిగిస్తుంది కాబట్టి గంట అనుకోవడం మేలు. ఆ తర్వాత ప్యాకెట్లను మళ్లీ గడ్డకట్టించాలి. ఈ చొక్కాలు పొలాల్లో నిలవలేకపోవడానికి పెద్ద అడ్డంకి ఇదే, దగ్గర్లో చలి దొరకదు.

గుంటూరులో దొరుకుతుంది. టిక్కీకి ఇంతని అద్దె కట్టి మిరపకాయను పడుకోబెట్టే గిడ్డంగిలో ప్యాకెట్ల కోసం ఒక అర కేటాయిస్తే, ఉదయం మోతకు ఒక జత, ఎండెక్కాక ఇంకో జత మార్చుకోవచ్చు. మైనం మంటకు అంటుకునే పదార్థం కనుక అగ్నిప్రమాదాలకు భయపడే గిడ్డంగి యజమానులు ఉప్పు జాతి హైడ్రేట్ల ప్యాకెట్లు అడగవచ్చు. అవి అంటుకోవు, బరువు కాస్త పెరుగుతుంది. వీపు మీద టిక్కీ మోసేవాడికి వీపు వైపు ప్యాకెట్లు అడ్డం కనుక ఛాతీకే పెట్టాలి, అప్పుడు గంట కాస్తా అరగంటవుతుంది. ముఠాలో ఒక్కొక్కరికీ రెండు జతలు చాలవు, మూడో నాలుగో కావాలి. ఆ ఖర్చు కమీషన్ ఏజెంటు భరించాలా, ఎగుమతిదారా, యార్డు కమిటీనా అన్నది మే నెలలో యార్డు వేసవి సెలవులు ఇచ్చేలోపు తేలాల్సిన బేరం.